ప్రాక్టీసమ్మ

మొన్న శనివారం క్లాసులో మా లెక్చరర్ ఒక కథ చెప్పాడు. మాది ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు. నర్సు మాస్టర్స్ చదివి, మామూలు జబ్బుల్ని తానే పరీక్షించి మందు రాసే స్థాయికి వెళ్లే చదువు. "పరీక్షలో ఏం చేయకూడదో చెబుతాను" అని మొదలుపెట్టి, కొన్నేళ్ల క్రితం ఒక అభ్యర్థి పరీక్ష మధ్యలో లేచి, రోగి వేషం వేసిన నటుణ్ని టాక్సీ ఎక్కించుకుని నిజం ఆసుపత్రికి తీసుకెళ్లిపోయిందని చెప్పాడు. క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఆవిడ మీద నవ్వడంలో ఈ దేశంలో నాకంటే సీనియర్ ఎవరూ లేరు.

ఆవిడ పేరు చెప్పను. చెబితే ఇది ఎలాగో ఆవిడ చేతికి చేరుతుంది. ముందు అక్షర దోషాలు దిద్దుతుంది, తర్వాత "ఎప్పట్నుంచి రాస్తున్నావే?" అని అడుగుతుంది.

అబుదాబి పక్కన బనియాస్‌లో మేము నలుగురు నర్సులం ఒక ఫ్లాటులో ఉండేవాళ్లం. నాది బందరు. ఆవిడది రాజోలు దగ్గర ఒక లంక. నాకంటే పదహారేళ్లు పెద్ద, అందరికీ అక్క. నలభై ఎనిమిదో ఏట మాస్టర్స్‌లో చేరింది. కరోనా అప్పుడప్పుడే నెమ్మదించింది. అది ముదిరి ఉన్న రోజుల్లో మమ్మల్ని హీరోలన్నారు. మా క్లినిక్ మేనేజరు, అందరూ ముదీర్ అంటారు, హీరోల కోసం కేకు తెప్పించాడు. దాని మీద హీరోస్ అన్న మాటలో ఒక అక్షరం తక్కువైంది. మేము ఆ కేకు తిని, ఫోటో దిగి, మళ్లీ డ్యూటీలో పడ్డాం. ఆవిడ ఒక్కతే ఆ మాట నిజమనుకుంది. నేరుగా అతని గదిలోకెళ్లి "హీరోలంటున్నారు కదండీ, నాకు శనివారాలు సెలవివ్వండి, చదువుకుంటాను" అంది. కేకు తెప్పిస్తే ఇంత దాకా వస్తుందని ముదీర్ ఊహించి ఉండడు.

అప్పట్నుంచి ప్రతి శనివారం తెల్లవారుజామున దుబాయ్ బస్సు ఎక్కేది. మిగిలిన ఆరు రోజులూ చదివింది మా మీద ప్రయోగించేది. ఫ్లాటులో తుమ్మాలంటే భయం.

"ఎప్పట్నుంచే?"

"ఇప్పుడే అక్కా."

"పొద్దున పూటేనా, రోజంతానా? ఏసీ కింద పడుకున్నావా? మీ నాన్నగారికి ఉండేదా?"

"అక్కా, తుమ్మొచ్చింది. అంతే."

"అంతే అని ఏదీ ఉండదే అమ్మాయ్" అని పుస్తకం తీసేది. రోగి చెప్పిన మాటను రోగి మాటల్లోనే రాయాలని వాళ్ల మేడం చెప్పిందట. ఆ పుస్తకం నేను ఒకసారి దొంగతనంగా చదివాను. నా పేరు కింద, "నా మానాన నన్ను వదిలెయ్యండక్కా తల్లీ" అని ఉంది. పక్కన, "చిరాకు ఉంది. నిద్ర ఎలా ఉందో కనుక్కోవాలి."

ప్రార్థనలో కూడా ఊరుకునేది కాదు. ఆదివారం సాయంత్రం అద్దె హాల్లో తెలుగువాళ్ల కూడిక జరిగేది. ఒకసారి ఒకామె లేచి తన మోకాలి నొప్పి కోసం ప్రార్థన చేయమంది. పాస్టరుగారు కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తారు. మా వరసలోంచి గొంతు లేచింది.

"మెట్లెక్కేటప్పుడా అమ్మా, దిగేటప్పుడా?"

పాస్టరుగారు ఒక కన్ను తెరిచారు.

"వాపుందా? పొద్దున లేవగానే బిగుసుకుపోతుందా?"

"సిస్టర్" అన్నారు పాస్టరుగారు, ఎంతో ఓర్పుగా, "ప్రభువుకు అన్నీ తెలుసు."

"ఆయనకి తెలుసండీ. నాకు తెలీదు కదండీ. మీరు ఆయనతో మాట్లాడుతూ ఉండండి, ఈలోపు నేను ఈవిడతో మాట్లాడతాను."

ప్రార్థన ముగిసేసరికి ఆ మోకాలికి ఎక్స్‌రే ఎక్కడ తీయించుకోవాలో కూడా తేలిపోయింది. ఆ తర్వాత నెల దాకా ఆ కూడికలో ఎవరూ పైకి జబ్బు పేరెత్తలేదు. అందరూ పిల్లల పరీక్షల కోసమే ప్రార్థించమన్నారు.

ప్రాక్టీసమ్మ అన్న పేరు పెట్టింది నేనే. దానికి కారణం జగిత్యాల నుంచి వచ్చిన ఒక తాపీ పనివాడు. మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కంపెనీల లేబర్ క్యాంపుల మనుషులు. బస్సు వచ్చి ముప్పై మందిని దించుతుంది, గంటన్నరలో మళ్లీ ఎక్కించుకుంటుంది. ఆ గంటన్నరలో మా డాక్టరుగారు ముప్పై మందినీ చూసేసి చాయ్ కూడా తాగేవారు. ఆయనది హైదరాబాదు. మంచి మనిషే. ఎవరినీ కసురుకోరు, కసరడానికి కూడా సమయం పడుతుంది కాబట్టి.

ఆ తాపీ మనిషికి బీపీ చూస్తూ అక్క తనను తాను పరిచయం చేసుకుంది. అలా చేసుకోవాలని కోర్సులో నేర్పారు. "నేను నర్స్ ప్రాక్టీషనర్ స్టూడెంట్‌నండి."

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ప్రాక్టీసా? మా మీద ప్రాక్టీసు జేస్తున్నవా అక్కా? నేర్చుకున్నోళ్లు లేరా లోపట?"

"లోపలాయన నేర్చేసుకున్నారు బాబూ. అందుకే ఏమీ అడగరు. నువ్వు నాకు చెప్పు. ఏంటి బాధ?"

"పానం గుంజుతంది. కాళ్లు పీకుతున్నయ్."

"ఎప్పట్నుంచి?"

"నాలుగొద్దులాయె."

పక్క టేబుల్ దగ్గర నేను నవ్వు ఆపుకుంటున్నాను. ఆవిడ అడుగుతూనే ఉంది. ఎండలో ఎన్ని గంటలు, నీళ్లు ఎన్ని బాటిళ్లు, నొప్పి గోళీలు రోజుకెన్ని. చివరికి గొంతు తగ్గించి మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగింది. అతను సిగ్గుపడి, తల దించుకుని, "చాయ్ డికాషన్ లెక్క" అన్నాడు.

డాక్టరుగారు అతన్ని చూడ్డం అరనిమిషంలో అయిపోయింది. "మజిల్ పెయిన్. గోళీలిచ్చి పంపు సిస్టర్. యల్లా, నెక్స్ట్."

"రక్తం పరీక్షకి రాయండి సార్. గోళీలొద్దండి, వాటితోనే వచ్చినట్టుంది."

"ఏంది సిస్టర్, ఇంటర్వ్యూ తీస్కుంటున్నవా పేషెంట్లని? బస్సు ఎల్లిపోతది."

ఆవిడ చీటీ ఆయన ముందు పెట్టి పక్కన నిలబడింది. నిలబడటంలో నర్సును ఓడించిన డాక్టరు ఇంతవరకూ పుట్టలేదు. మూడో పేషెంటు దగ్గరికొచ్చేసరికి ఆయన సంతకం పెట్టేశారు. రిపోర్టు వచ్చిన గంటలో ఆ మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. కిడ్నీలు రెండూ దెబ్బతినే దారిలో ఉన్నాయి. ఇంకో రెండు రోజులు అవే గోళీలు మింగి ఎండలో నిలబడి ఉంటే చెప్పలేమన్నారు అక్కడ. కోలుకున్నాక కంపెనీ అతన్ని స్టోర్‌లో నీడపట్టు పనిలో వేసింది.

ముదీర్ అడిగితే డాక్టరుగారు, "నాకు మొదట్నించే డౌటుండె" అన్నారు. ముదీర్ ఆయన్ని మెచ్చుకున్నాడు. అక్కకు మాత్రం ఒక మెమో వచ్చింది. రోగులతో అవసరానికి మించి మాట్లాడుతున్నారని అందులో రాశారు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి, క్లాసులో రాయాల్సిన ఒక వ్యాసానికి అదే విషయంగా తీసుకుంది. ఆ వ్యాసానికి మంచి మార్కులొచ్చాయి. నేను మాత్రం ఆ వారమంతా "మా మీద ప్రాక్టీసు జేస్తున్నవా" అని ఫ్లాటులో అనుకరించి నవ్వించాను. రోగి ప్రాణం దక్కింది, నాకు పేరు దొరికింది.

ఈ చదువులో పుస్తకాల కంటే కష్టం గంటలు. ఒక డాక్టరు దగ్గరుండి చూస్తుండగా రోగుల్ని పరీక్షించాలి. అలా వందల గంటలు చేసి, ప్రతి గంటకూ ఆయన సంతకం తెచ్చుకోవాలి. మా డాక్టరుగారు ఉదార హృదయులు. "ఎంత రాయాల్నో రాసుకో సిస్టర్. నేను సైన్ కొట్టేస్తా" అని, ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ ఎడమ చేత్తో నాలుగు పేజీల మీద సంతకాలు పెట్టిచ్చారు. ఏ విద్యార్థికైనా అది పండగ. ఈవిడ ఆ పేజీలు పట్టుకుని సాయంత్రం మళ్లీ ఆయన గదికి వెళ్లింది. నేనూ ఏదో ఫైలు ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"ఈ పద్దెనిమిది గంటలూ మీరు చూడలేదండీ."

"చూసిన అనుకో."

"అనుకోవడానికి కోర్సెందుకండీ? ఇంట్లో కూచుని నేనే అనుకునేదాన్ని."

డాక్టరుగారు నా వైపు చూశారు, ఈ మనిషిని కాస్త తీసుకెళ్లమన్నట్టు. ఆవిడ ఆయన కళ్లముందే ఎర్ర పెన్నుతో పద్దెనిమిది గంటలూ అడ్డంగా కొట్టేసింది. గంటలు చాలక ఒక సెమిస్టరు ఎక్కువ చదవాల్సి వచ్చింది. దొంగ గంటలు రాయించుకున్న వాళ్లను చూశాను గానీ, ఉచితంగా వచ్చినవి తిరిగిచ్చిన మనిషిని అదే చూడటం.

"మీకు పిచ్చా అక్కా?" అన్నాను బస్టాపులో.

"నీకెప్పట్నుంచి అనిపిస్తోంది?" అంది, పుస్తకం కోసం సంచీలో వెతుకుతూ.

ఇక ఆ పరీక్ష. క్లాసులో మా లెక్చరర్ నవ్వుతూ చెప్పింది ఆ ముక్కే. నేను ఆవిడ నోట విన్నది చెబుతాను. నవ్వకుండా, డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు ఇచ్చినట్టు చెప్పింది.

ఒక వరసలో గదులుంటాయి. ప్రతి గదిలో రోగి వేషం వేసిన ఒక మనిషి. గంట మోగగానే లోపలికెళ్లాలి, పావుగంటలో మాట్లాడి, పరీక్షించి, ఏం జబ్బో చెప్పాలి. మళ్లీ గంట మోగితే పక్క గది. మూడో గదిలో గొంతు నొప్పి వేషం వేసింది లక్నో వైపు పెద్దాయన. దుబాయ్‌లో డేరా అనే పేటలో అత్తరు దుకాణంలో పని, సెలవు రోజున ఈ వేషాలు. బీపీ ఎంతో కార్డు మీదే రాసి ఉంటుంది. అభ్యర్థులు పట్టీ చుట్టినట్టు చేసి కార్డు చూసి చెబితే చాలు. ఈవిడకి చుట్టినట్టు చేయడం రాదు. చుట్టేసింది.

కార్డులో నూట ఇరవై, ఎనభై. పట్టీలో రెండు వందల పది, నూట పాతిక.

రెండో చేతికీ చూసింది. తేడా లేదు.

మూల కూర్చున్న పరీక్షకుడు, "కార్డులో ఉన్నది రాసుకుని ముందుకెళ్లండి" అన్నాడు.

"కార్డుకి బీపీ లేదండీ. ఈయనకుంది."

పెద్దాయన పాపం తన పాత్రలోనే ఉన్నాడు. మూడు రోజులుగా గొంతు నొప్పి అని మళ్లీ అప్పగించాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "నాటక్ ఛోడో భాయ్‌సాబ్. సచ్ బోలో. తలనొప్పి ఉందా?" అంది.

ఆయన పరీక్షకుడి వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. చిన్న గొంతుతో, రెండు నెలలుగా ఉందన్నాడు. నిన్నట్నుంచి కళ్ల ముందు మసకగా ఉందన్నాడు. దుకాణంలో సెలవడిగితే ఏమంటారోనని ఎవరికీ చెప్పలేదట. గంట మోగింది. ఆవిడ లేవలేదు. అంబులెన్సు పిలవమంది. ఎవరు పిలవాలో కనుక్కోవడానికి పరీక్షకుడు ఆఫీసుకెళ్లాడు. ఇది పరీక్షలో భాగమా కాదా అని ఆఫీసులో అడిగారట. ఆ చర్చ తేలేలోపు ఆవిడ ఆయన్ని నడిపించుకుంటూ కిందికి దిగి టాక్సీ ఎక్కించింది. ఇంకా అయిదు గదులు మిగిలే ఉన్నాయి.

ఆయన్ని ఆసుపత్రిలో మూడు రోజులుంచుకున్నారు. ఆలస్యమైతే పక్షవాతం వచ్చేదన్నారట. ఆవిడ పరీక్ష తప్పింది. కాలేజీ ఉత్తరంలో కారణం ఒక్క వాక్యం: సన్నివేశానికి కట్టుబడి ఉండలేదు.

ఆ వారం మా ఫ్లాటులో నా ప్రదర్శనకు గిరాకీ పెరిగింది. పక్క ఫ్లాటు వాళ్లు కూడా వచ్చారు. దిండుకు తువ్వాలు చుట్టి బీపీ చూస్తూ, "కార్డుకి లేదండీ, ఈ దిండుకుంది" అంటున్నాను. అందరూ ఒక్కసారి నవ్వాపేశారు. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆవిడ. నాకు ప్రాణం పోయినంత పనైంది.

ఎప్పట్నుంచి చూస్తోందో ఏమో, "బాగానే చేస్తున్నావు గానీ, నేను ముందు చేతులు కడుక్కుంటానే. అది మర్చిపోయావు" అంది. అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే చూస్తే ఇస్త్రీ చేసిన యూనిఫాంనే మళ్లీ ఇస్త్రీ చేస్తోంది. అప్పీలు పెట్టండక్కా అన్నాను.

"ఏమని పెడతానే? వాళ్లు రాసింది నిజమే. నేను ఆ సన్నివేశంలో లేను" అంది. ఇస్త్రీ పెట్టె ఒకే చోట ఉంచేసింది. నేను తీసి పక్కన పెట్టాను.

తర్వాత రెండు రోజులు ఎవరినీ ఏమీ అడగలేదు. ఫ్లాటు అంతా నిశ్శబ్దం. నేను కోరుకున్నది అదే. రెండో రోజు సాయంత్రం ఆవిడ ముందు నుంచి నడుస్తూ కావాలని దగ్గాను. రెండుసార్లు. తలెత్తలేదు. నాకెందుకో భయమేసింది.

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష రాసింది. ఈసారీ పట్టీలు నిజంగానే చుట్టిందట. అదృష్టం బాగుండి ఆ రోజు నటులంతా ఆరోగ్యంగా ఉన్నారు. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. లైసెన్సు కూడా వచ్చింది.

మా క్లినిక్ సంబరం చేసుకుంది. స్టోర్ రూములోంచి అట్టపెట్టెలు తీయించి, బల్ల వేసి, తలుపు మీద ఆవిడ కొత్త హోదా బోర్డు తగిలించి, ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. అభినందనలు తెలిపిన వాళ్లలో డాక్టరుగారు మొదటివారు. సోమవారానికల్లా అట్టపెట్టెలు తిరిగొచ్చాయి. బోర్డు ఉంది, ఆవిడ ఇంజెక్షన్ల గదిలోనే ఉంది. తనిఖీ వాళ్లు వచ్చిన రోజున మాత్రం ఆవిడను, బల్లను ఆ గదిలో పెట్టి పెట్టెలను ఇంజెక్షన్ల గదిలో దాచేవారు. రెండు తనిఖీలు చూసింది. ఫుజైరా వైపు కొండల మధ్య ఒక చిన్న క్లినిక్‌లో పోస్టు ఉందని తెలిసి రాజీనామా ఇచ్చేసింది.

వీడ్కోలు సభ మధ్యాహ్నం పెట్టారు. సమోసాలు, కరక్ చాయ్. డాక్టరుగారు మాట్లాడుతూ ఆవిడ దగ్గర ఎంతో నేర్చుకున్నానన్నారు. ఏం నేర్చుకున్నారో చెప్పలేదు. ముదీర్ శాలువా కప్పి రెండు మాటలు మాట్లాడమన్నాడు. ఆవిడ లేచి మమ్మల్నందర్నీ ఒక్కసారి కలియజూసింది. ఏడుస్తుందేమోనని నేను ఫోను కెమెరా తెరిచి పట్టుకున్నాను.

"మాట్లాడ్డానికి ఏముందండీ. ఈ గదిలో ముగ్గురు నలుగురి మొహాలు నాకు నచ్చలేదు. అందరూ రోగుల పనిలో ఉండేవాళ్లే గానీ, ఎవరికీ చూపించుకునేవాళ్లు కాదు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఒక్కొక్కళ్లే రండి."

అందరం నవ్వాం. నవ్వి సమోసాలు తిన్నాం. పది నిమిషాల తర్వాత చూస్తే ఆ బోర్డున్న గది ముందు క్యాంపు బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు. అతని వెనక రిసెప్షన్ పిల్ల. ఆమె వెనక, చాయ్‌లోకి చక్కెర వెతుక్కుంటున్నట్టు నటిస్తూ, మా డాక్టరుగారు. లోపల ఆయన నలభై నిమిషాలున్నారు. బయటికొచ్చి ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయారు.

చివరి మనిషిని నేను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. తొమ్మిది నెలలుగా నాకు నెలసరి ఆగేది కాదు. పదిహేను రోజులు, ఇరవై రోజులు. ఐరన్ గోళీలు మింగుతూ, నల్ల ప్యాంట్లు వేసుకుంటూ నెట్టుకొస్తున్నాను. రోగులకైతే అదే రోజు స్కానింగు రాయించేదాన్ని. "మొహం పాలిపోయిందేంటే" అని ఆవిడ మూడు నాలుగుసార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆవిడనే అనుకరించి తప్పించుకున్నాను.

లోపల అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉంది. చేతులు కడుక్కుని వచ్చి, ఏమీ అడగకుండా నా కనురెప్ప కిందికి లాగి చూసింది. అంతే, నేను చెప్పడం మొదలుపెట్టాను. అమ్మకు గర్భసంచి తీసేసిన సంగతి, నాకూ అదే అవుతుందన్న భయం, ఇంకా పెళ్లి కాలేదన్న భయం, అన్నీ. ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అయ్యాక పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి నా చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున్న వెళ్తున్నావు. వెళ్తావా అని అడగట్లేదు."

వెళ్లాను. గర్భసంచిలో గడ్డలు. ఇంకా ఆలస్యం చేస్తే సంచి తీసేయాల్సి వచ్చేదన్నారు. గడ్డలు మాత్రం తీసి దాన్ని మిగిల్చారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

ఆపరేషనైన అయిదో రోజు ఆవిడకి ఫోను చేశాను. ఏం చెప్పాలో మంచం మీద పడుకుని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను. క్షమించమని అడగాలి, పేరు పెట్టింది నేనేనని ఒప్పుకోవాలి, నేనూ ఆ కోర్సుకు దరఖాస్తు పెడుతున్నానని చెప్పాలి.

"అక్కా, మీరు లేకపోతే..."

"కుట్లు పొడిగా ఉన్నాయా?"

"ఉన్నాయక్కా. నేను మీ గురించి అందరి దగ్గరా..."

"జ్వరం?"

"లేదు. అక్కా, ఒక్క నిమిషం వినండి, నేను..."

"బరువులెత్తకు. అన్నం సరిగ్గా తిను. మిగతావి తర్వాత చెబుదువుగాని, ఫోను పెట్టెయ్యవే" అంది. "బయట పదకొండు మంది కూచునున్నారు."